బీఏ చదివి ఏం చేస్తారని అడిగినవాళ్లకు



ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. తీరిక లేనివాళ్లు ఆదివారం చదువుకోండి. చదవకుండానే చేతులు జోడించిన బొమ్మ పెట్టేసి వెళ్లిపోవద్దని మాత్రం మనవి.

పోయిన నెల కమిటీ మీటింగులో స్కాలర్‌షిప్పుల రూలు ఖాయం చేశారు. ఇంజనీరింగు, మెడికల్, అగ్రికల్చర్, సీఏ చదివే పిల్లలకే డబ్బు. బీఏ వాళ్ల అర్జీలు తీసుకోనక్కర్లేదు. ఈ రూలు కింద మొట్టమొదట పక్కకు పోయిన అర్జీ ఒక ఆడపిల్లది. చింతామణి పక్క పల్లె. వాళ్ల నాన్న టమోటా మండీలో లెక్కలు రాస్తాడు. పీయూసీలో ఆర్ట్స్ తీసుకుని మంచి మార్కులు తెచ్చుకుంది. హైదరాబాదులో ఇఫ్లూ అనే సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. ఇంగ్లీషుకూ విదేశీ భాషలకూ పెట్టిన యూనివర్సిటీ అది. అక్కడ జపనీస్‌లో బీఏ చదవాలని ఆ పిల్ల కోరిక. అర్జీ చదవగానే ఒకాయన, "జపాన్ వాళ్లకు జపనీస్ రాదా, మన పిల్ల పోయి నేర్పించాలా?" అన్నారు. అందరూ నవ్వారు. ఇంకొకాయన, "బీఏ చదివి ఏం చేస్తుందప్పా, పెళ్లికార్డులో వేసుకోవడానికా?" అన్నారు. మళ్లీ నవ్వారు. తీర్మానం పాసైంది.

నేను ఆ రోజే లేచి అభ్యంతరం చెప్పాను. రెండు నిమిషాలే ఇచ్చారు. మిగిలినది ఇక్కడ చెప్తున్నాను.

నా వాదం ఒక్కటే. ఒక ప్రాంతాన్ని పట్టుకుని దాని భాషలు, చరిత్ర, అక్కడి మనుషుల బతుకు తీరు కలిపి డిగ్రీలో చదవడం చేతకానివాళ్ల చదువు కాదు. రాజ్యాలు ఖజానా విప్పి నడిపించిన చదువు అది. ఆ చదువు ఎక్కువ అవసరమైన ప్రాంతాల్లో మనది ఒకటి. దానికి సగం దారి ముందే నడిచి వచ్చిన పిల్లలు మన పిల్లలు. అలాంటి చదువుకు మన సంఘమే తలుపు మూయడం అన్యాయం.

ముందు ఆ చదువంటే ఏమిటో చూద్దాం. జపనీస్ బీఏ అంటే స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు లాంటిదని మనవాళ్ల ఊహ. కాదు. లిపి నేర్చుకోవాలి, వాళ్ల పేపరు చదవాలి, కథలు చదవాలి, వాళ్ల చరిత్ర తెలుసుకోవాలి. పెద్దవాళ్లతో ఏ మాట వాడాలి, తోటివాళ్లతో ఏది వాడాలి, ఆఫీసులో ఎలా కాదనాలి, ఇవన్నీ అందులో భాగమే. ఇలాగే మన గురించి చదివే డిగ్రీలు బయటి దేశాల్లో ఉన్నాయి. అమెరికాలో షికాగో యూనివర్సిటీలో దక్షిణాసియా భాషలు, నాగరికతలు అని ఒక శాఖే ఉంది. పంతొమ్మిదేళ్ల కుర్రాడు అక్కడ చేరి మన దేశపు భాష ఒకటి ఏళ్ల తరబడి నేర్చుకుని, మన ఇతిహాసాలు, మన రాజులు, మన కులాలు, మన పండగలు, దేశ విభజన, అన్నీ చదివి డిగ్రీ తీసుకుంటాడు. వాళ్ల ఇంట్లో ఎవరూ "ఇండియా వాళ్లకు ఇండియా గురించి తెలియదా, నువ్వు పోయి చెప్పాలా?" అని నవ్వరు.

ఈ చదువు ఎవరు, ఎందుకు మొదలుపెట్టారో తెలిస్తే మన నవ్వు ఆగిపోతుంది.

1812లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ ఒక కాలేజీ పెట్టింది. దాని పేరే సెయింట్ జార్జి కోట కాలేజీ. ఇంగ్లండు నుంచి ఓడ దిగిన కుర్రవాళ్లను జిల్లాలకు పంపేముందు అక్కడ కూర్చోబెట్టి తమిళం, తెలుగు, కన్నడం లాంటి మన భాషలు నేర్పించేవారు, పరీక్షలు పెట్టేవారు. శిస్తు వసూలు చేయాలన్నా, తగవు తీర్చాలన్నా భాష రాకపోతే కుదరదని కంపెనీకి తెలుసు. అది లాభనష్టాల లెక్క వేసుకునే వ్యాపార సంస్థ, ధర్మసత్రం కాదు. "ఈ భాషలు చదివితే ఏమొస్తుంది?" అని అది అడగలేదు. ఏమొస్తుందో దానికి బాగా తెలుసు. ఆ కాలేజీని నడిపించిన ఎల్లిస్ దొరే తమిళం, తెలుగు, కన్నడం ఒకే కుటుంబపు భాషలని 1816లో అచ్చులో చూపించాడు. ఎక్కడంటే, కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణం ముందుమాటలో. మనం మూడు రాష్ట్రాలుగా విడిపోయి నీ భాష గొప్పా నా భాష గొప్పా అని కొట్టుకుంటున్నాం. అన్నదమ్ముల లెక్క రెండు వందల ఏళ్ల కిందటే తేలిపోయింది.

బ్రౌన్ దొర అదే మద్రాసు కాలేజీలో తెలుగు నేర్చుకుని 1820లో కడపకు వచ్చాడు. కడప మనకు పరాయి చోటేమీ కాదు. వేమన పద్యాలు వెతికి వెతికి సేకరించి 1829లో అచ్చు వేశాడు. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. ఉద్యోగం మానేసి లండన్ పోయాక కూడా ఊరుకోలేదు, అక్కడ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ప్రొఫెసరుగా కూర్చున్నాడు.

ఇంకా దగ్గరికి వస్తే రైస్ దొర. 1837లో బెంగళూరులోనే పుట్టాడు. మైసూరు రాజ్యంలో ఊరూరా తిరిగించి శాసనాలన్నీ అచ్చు తీయించాడు. అందులో కోలారు జిల్లా సంపుటం 1905లో వచ్చింది. అప్పుడు చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్లాపురం అన్నీ కోలారు జిల్లాలోనే ఉండేవి కదా, మనకు వేరే జిల్లా అయింది 2007లోనే. మీ ఊరి చెరువు కట్ట మీద, గుడి వెనక, పొలం గట్టున ఉన్న రాయి మీద ఏముందో చాలా ఊళ్లకు ఆ పుస్తకంలో దొరుకుతుంది. మన సంఘంలో ఆ పుస్తకం తిరగేసినవాళ్లు ఎంతమంది? మన ఊరి రాయిని చదివించినవాడు ఇంగ్లీషువాడు. దాని పక్కనే సైటు కొని, కాంపౌండు కట్టేటప్పుడు రాయిని పునాదిలో వేసినవాళ్లం మనం.

తరువాత అమెరికా వంతు. 1948లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో దక్షిణాసియా చదువుకు ప్రత్యేకంగా శాఖ పెట్టారు. 1957లో రష్యా స్పుత్నిక్ ఎగరేసింది. అమెరికా భయపడిపోయింది. 1958లో దేశరక్షణ పేరుతోనే ఒక విద్యా చట్టం తెచ్చింది. రాకెట్లకు కావలసిన సైన్సు, లెక్కలకు డబ్బు ఇవ్వడం మామూలే. దానితోపాటు ప్రపంచ భాషలు నేర్పే కేంద్రాలకూ డబ్బు ఇచ్చింది! దేశరక్షణకు భాష కూడా కావాలని వాళ్లకు అర్థమైంది. ఇంకొకటి వినండి. ఆ రోజుల్లో మనం పీఎల్ 480 గోధుమలు తిన్నాం, పెద్దవాళ్లకు గుర్తుంటుంది. దానికి మనం రూపాయల్లో కట్టిన డబ్బు ఇక్కడే పోగుపడింది. 1962 నుంచి అందులో కొంత పెట్టి అమెరికా వాళ్లు మన భాషల్లో అచ్చయిన పుస్తకాలు కొని తమ యూనివర్సిటీ లైబ్రరీలకు పంపించుకున్నారు. గోధుమలు మనకు ఒక పూటకు సరిపోయాయి. పుస్తకాలు వాళ్ల దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. మన దగ్గర దొరకని తెలుగు పుస్తకం అక్కడి లైబ్రరీలో దొరికిందని మనవాళ్లే రాస్తుంటే చదివాను.

"వాళ్లు వాళ్ల స్వార్థానికి చదివారు" అంటారు. నేనూ అదే అంటున్నాను. ఏలడానికి చదివారు, అమ్మడానికి చదివారు, యుద్ధానికి చదివారు, మతం వ్యాపించడానికి చదివారు. ఇన్ని లాభాలున్న చదువును మనం పెళ్లికార్డు చదువు అంటున్నాం. వాళ్లు మనల్ని చదివింది ఏలుకోవడానికైతే, మనల్ని మనం చదువుకోవడం ఎవరూ ఏలకుండా ఉండడానికి కావాలి కదా?

ఇప్పుడు మన ప్రాంతం సంగతి. నంది కొండ కింద భోగనందీశ్వరుడి గుడికి అందరూ పోయే ఉంటారు. పెళ్లి ఫోటోలు తీయించుకోవడానికైనా పోయి ఉంటారు. ఆ ఒక్క గుడిలోనే గంగులు, నొళంబులు, చోళులు, విజయనగరం, అన్ని కాలాలూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. గంగులకు మన కోలారే మొదటి రాజధాని, కువలాలపురం అనేవాళ్లు. చోళులు వచ్చి ఈ నేలకు నిగరిలి చోళమండలం అని పేరు పెట్టారు. కోలారమ్మ గుడి గోడల మీద తమిళ శాసనాలున్నాయి. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి కాబట్టి అక్కడ నిలబడి కూడబలుక్కుంటే కొన్ని అక్షరాలు, కొన్ని మాటలు పట్టుబడ్డాయి. నా పక్కన ఉన్న కోలారువాళ్లు అది ఏ భాషో కూడా తెలియక బొట్టు పెట్టి దండం పెట్టుకుంటున్నారు.

తరువాత పాళేగాళ్లు. గుమ్మనాయకనపాళ్యం కోట బాగేపల్లి పక్కనే ఉంది. ఆ తరువాత బీజాపురం సుల్తాన్ల కింద కోలారు, బెంగళూరు శివాజీ తండ్రి శహాజీకి జాగీరుగా వచ్చాయి. మొగలులు సిరాలో సుబేదారును పెట్టారు. హైదరాలీ పుట్టింది మన బూదికోటలో, టిప్పు పుట్టింది దేవనహళ్లిలో. 1791లో నంది కోటను ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారు.

వేళ్లు మడిచి లెక్కపెట్టండి. ఈ చుట్టుపక్కల నాలుగైదు తాలూకాల చరిత్ర మొత్తం చదవాలంటే కన్నడం కావాలి, తెలుగు కావాలి, తమిళం కావాలి, సంస్కృతం కావాలి, మోడీ లిపిలో మరాఠీ కావాలి, పారసీకం కావాలి, ఇంగ్లీషు కావాలి. ఏడు భాషలు. ఏడూ వచ్చినవాళ్లను పక్కన పెట్టండి. మూడు చదవగలిగిన కుర్రాణ్ణి మన సంఘంలో ఒక్కణ్ణి చూపించండి.

మాట్లాడే పిల్లలు మాత్రం ఇంటింటికీ ఉన్నారు. బాగేపల్లిలో పదేళ్ల పిల్ల ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడుతుంది, పక్కింటి సాయిబుల పిల్లలతో ఉర్దూ ఆడుకుంటుంది, టీవీలో హిందీ వింటుంది, తమిళ సినిమా చూసి నవ్వుతుంది. షికాగోలో ఈ భాషల్లో ఒక్కదాన్ని సాధించడానికి రెండు మూడేళ్లు ఫీజు కట్టి కష్టపడతారు. మన పిల్లకు అవి ఊరికే వచ్చాయి. ఊరికే వచ్చినవి కాబట్టి మనకు విలువ లేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు.

కైవారం తాతయ్యగారి సంగతి మన సంఘానికి నేను చెప్పాలా? 1726లో పుట్టి 1836లో సమాధి అయ్యారని, నూటపదేళ్లు బతికారని చెప్పుకుంటాం. గాజులు అమ్ముకుని బతికిన మనిషి తెలుగులోనూ కన్నడంలోనూ రాశారు. రెండు భాషలు ఆయనకు రెండు చేతులు. మనం ఆయన జయంతికి ఊరేగింపు చేస్తాం, బ్యానర్లు కడతాం, అన్నదానం చేస్తాం. మంచిదే. కానీ ఆయన తెలుగు పాటను మన పిల్లలు కన్నడ లిపిలో రాసుకుని, సగం మాటలకు అర్థం తెలియక పాడుతున్నారు. పాడటం గొప్పే. అర్థం చెప్పేవాళ్లను తయారు చేయవద్దని ఏ తాతయ్య చెప్పారు? ఆ మాటలు ఏ కాలపువి, ఏ యాసవి, ఆయన ఏ గ్రంథాలు విన్నారు, ఎవరితో వాదించారు, ఇవన్నీ తేల్చాలంటే తెలుగు, కన్నడం, సంస్కృతం, చరిత్ర నాలుగూ కలిపి చదివిన మనిషి కావాలి. ఆ మనిషిని ఏ ఇంజనీరింగు కాలేజీ తయారు చేయదు.

ఇలా రెండు మూడు ఇంటిభాషలతో పెరిగినవాళ్లు ఏం చేశారో చెప్తాను. ఎ. కె. రామానుజన్ 1929లో మైసూరులో పుట్టారు. ఇంట్లో తమిళం, వీధిలో కన్నడం, నాన్నగారి దగ్గర ఇంగ్లీషు. ఆ పునాది మీదే షికాగో యూనివర్సిటీలో ఆచార్యుడై వచనాలనూ సంగం కవిత్వాన్నీ ప్రపంచానికి అందించారు. వెల్చేరు నారాయణరావుగారు ఏలూరులో పాఠాలు చెప్పుకునే మనిషి, 1971లో అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీకి పోయి దాదాపు నలభై ఏళ్లు తెలుగు చెప్పారు. డేవిడ్ షుల్మన్ జెరూసలేంలో ఉండి తమిళం, తెలుగు రెండూ నేర్చుకున్నారు. ఈ ముగ్గురూ కలిసి క్షేత్రయ్య పదాలను ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆ పుస్తకం 1994లో అచ్చయింది. ఒక తమిళ ఇంటి మైసూరాయన, ఒక తెలుగాయన, ఒక యూదుడు. కలిపింది మన పాట. అలాంటి పని చేయగల పిల్లలు మన బాగేపల్లిలో, చింతామణిలో, శ్రీనివాసపురంలో పుడుతూనే ఉన్నారు. మనం వాళ్లను సీఈటీ కోచింగుకు తోలి, ర్యాంకు రాకపోతే బెంగళూరులో ఏదో ఒక కాలేజీలో మేనేజిమెంటు సీటు కొని, పొలం అమ్ముతున్నాం.

ఇక మీరు అడిగే ప్రశ్నలు నాకు తెలుసు. ఒక్కొక్కటి తీసుకుంటాను.

మొదటిది, ఉద్యోగం. కూటి కోసం కోటి విద్యలు, కాదనను. నేనూ రైల్వేలో క్లర్కుగా జీతం తిన్నవాణ్ణే. కానీ కొంచెం కళ్లు తెరిచి మన చుట్టూ చూడండి. కోలారు పక్కన నరసాపురలో 2013 నుంచి హోండా బళ్లు తయారవుతున్నాయి, అది జపాన్ కంపెనీ. దేవనహళ్లి దగ్గర తైవాన్ వాళ్ల ఫాక్స్‌కాన్ వచ్చింది. అదే నరసాపురలో ఇంకొక తైవాన్ కంపెనీ ఫ్యాక్టరీలో 2020 డిసెంబరులో జీతాల విషయమై పెద్ద గొడవ జరిగి అద్దాలు పగిలాయి, ప్రపంచమంతా పేపర్లలో పడింది. అది జీతాల గొడవే, భాష గొడవ కాదు. కానీ ఇంతమంది విదేశీ అధికారులు, ఇంతమంది మన పిల్లలు ఒకే కప్పు కింద పనిచేసే చోట, రెండు వైపుల మాటా రెండు వైపుల పద్ధతీ తెలిసిన మనిషి అవసరం ఉందా లేదా? ఆ మనిషి మన ఊరి పిల్ల ఎందుకు కాకూడదు? "జపాన్ వాళ్లకు జపనీస్ రాదా?" అన్న పెద్దాయనకు నా జవాబు ఇది. వాళ్లకు జపనీస్ వచ్చు స్వామీ. వాళ్లకు రానిది కోలారు.

శాసనాలు చదివే పనికి కేంద్ర ప్రభుత్వ శాఖే మైసూరులో ఉంది. ఆ శాసనాల అచ్చుప్రతుల కోసం తమిళులు ఏం చేశారో తెలుసా? తమిళ శాసనాల ప్రతులను మైసూరు నుంచి చెన్నైకి తరలించాలని హైకోర్టుకు పోయి 2021లో ఆదేశం తెచ్చుకున్నారు. హార్వర్డులో తమిళ పీఠానికి 2017లో తమిళనాడు ప్రభుత్వం పది కోట్లు ఇచ్చింది, మామూలు జనం చందాలు వేశారు. నేను వాళ్ల బళ్లో చదివాను కాబట్టి చెప్తున్నాను, భాష అంటే వాళ్లకు తినే కంచం లాంటిది. మనకు విస్తరాకు. తిన్నాక పారేస్తాం.

ఇంజనీరింగే గొప్ప అనేవాళ్లు మన హాల్లో వేలాడుతున్న ఫోటో చూడండి. ముద్దేనహళ్లి విశ్వేశ్వరయ్యగారు. ఆయన ఇంటిపేరు మోక్షగుండం, అది ఆంధ్రాలో ఉన్న ఊరు. ఆయన బెంగళూరు సెంట్రల్ కాలేజీలో మొదట పూర్తి చేసిన డిగ్రీ బీఏ. ఆ తరువాతే పూనా పోయి ఇంజనీరయ్యారు. అప్పటి బీఏలో లెక్కలు ఉండేవి అంటారు, సరే. బీఏ అన్న రెండక్షరాలు చూసి అర్జీ పక్కన పడేసే కమిటీ అప్పుడు లేకపోవడం మన అదృష్టం.

రెండోది, "ఇది కన్నడానికి వ్యతిరేకం అంటారేమో, మనకెందుకు గొడవ?" ఈ భయం చాలామందికి లోపల ఉంది, పైకి చెప్పరు. కన్నడం మనకు అన్నం పెట్టే భాష, మన రాష్ట్ర భాష, మన పిల్లల బడి భాష. అందులో రాజీ లేదు. ఈ ప్రాంతం చదువు అంటే కన్నడం తీసేసి తెలుగు పెట్టడం కాదు. కన్నడం రానివాడు గంగుల శాసనం చదవలేడు. తెలుగు రానివాడికి తాతయ్య సగం అర్థం కాడు. జోలార్‌పేట నుంచి బెంగళూరు రైలెక్కండి. తమిళనాడులో ఎక్కుతారు, మధ్యలో కుప్పం ఆంధ్ర, తరువాత బంగారుపేట కర్ణాటక. స్టేషను బోర్డు మీద మొదటి లిపి రెండుసార్లు మారుతుంది. పట్టాలు మాత్రం అవే. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈ లైను మనుషులతోనే మాట్లాడాను. వాళ్లకు సరిహద్దు మ్యాపులో ఉంది, నోట్లో లేదు.

కుప్పం అనగానే ఇంకొక మాట. అక్కడ 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. పక్క రాష్ట్రాల సహకారంతో, ఈ భాషలన్నీ కలిపి చదవడానికే పెట్టింది. తెలుగు, కన్నడం, తమిళం శాఖలు ఒకే ఆవరణలో ఉంటాయి. మనకు బెంగళూరులో ట్రాఫిక్కు దాటే టైములో అక్కడికి పోయి రావచ్చు. మన పిల్లల్లో ఎవరైనా అక్కడ చదివారా అని మీటింగులో అడిగాను. ఒక్క చెయ్యి లేవలేదు.

మూడోది, "ఇప్పుడు ఫోనే అనువాదం చేస్తుంది కదా?" చేస్తుంది. కానీ ఫోనుకు వచ్చిన తెలుగు పేపరు తెలుగు. దానితో మీ అవ్వ మాట్లాడినట్టు మాట్లాడి చూడండి. మడక, కపిల, గుంటక అని చెప్పి చూడండి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో రైతుల మాటల నిఘంటువు తెచ్చారు, ఊరూరా రైతుల దగ్గర అడిగి రాసింది. కానీ ఆ పని ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో జరిగింది. సరిహద్దుకు ఇవతల మనం మిగిలిపోయాం. మన తెలుగును ఆంధ్రావాళ్లు రాయలేదు, ఇక్కడి ప్రభుత్వానికి ఆ అగత్యం లేదు. మనం రాయకపోతే మన అవ్వల తెలుగు అవ్వలతోనే పోతుంది. ఎవరూ రాసిపెట్టని మాట ఫోనుకు ఎక్కడినుంచి వస్తుంది?

నాలుగోది నిజమైన ప్రశ్న, దీన్ని నేను గౌరవిస్తాను. "మన ఊళ్లలో బీఏ ఎలా నడుస్తోందో తెలియదా?" తెలుసు. అతిథి ఉపన్యాసకులతో నెట్టుకొస్తున్నారు, బజారు నోట్సు బట్టీ పట్టి పాసవుతున్నారు, లైబ్రరీ బీరువా తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. అలాంటి బీఏకు డబ్బివ్వమని నేను అడగడం లేదు. కానీ ఎందుకు ఇలా అయింది? తెలివైన పిల్లలను మనం అటు పోనివ్వలేదు, పోయినవాళ్లను పలకరించలేదు, అడిగే తల్లిదండ్రులు లేరు. ఇంజనీరింగు కాలేజీలో ల్యాబు లేకపోతే ధర్నా చేస్తాం. బీఏకు మాస్టారు లేకపోతే "బీఏనే కదా" అంటాం. చెరువుకు గండి కొట్టి, నీళ్లు లేవని ఏడ్వడం ఇది.

ఇంకొక హెచ్చరిక. బయటివాళ్లు ఎప్పటికీ మన గురించి చదువుతూనే ఉంటారన్న నమ్మకం పెట్టుకోవద్దు. కేంబ్రిడ్జి యూనివర్సిటీ సంస్కృతాన్ని డిగ్రీ చదువుగా ఎత్తేయాలని 2006లో నిర్ణయించింది. వాళ్ల లాభం తీరితే వాళ్లు దుకాణం కట్టేస్తారు. అప్పుడు మన రాతలు చదివి చెప్పేవాళ్లు అక్కడా ఉండరు, ఇక్కడా ఉండరు. అటక మీద తాటాకు కట్టలున్న ఇళ్లు మన సభ్యుల్లో ఇంకా ఉన్నాయి. పూజ గదిలో పసుపు పెట్టి ఉంచినవి కొన్ని. "ఎవరికీ చదవరావడం లేదు" అని నీళ్లలో వదిలేసినవి ఎన్నో.

కాబట్టి వచ్చే జనరల్ బాడీ ముందు నేను నాలుగు తీర్మానాలు పెడుతున్నాను. రాతపూర్వకంగా సెక్రటరీగారికి ఇచ్చేశాను.

ఒకటి, స్కాలర్‌షిప్పు రూల్లో కోర్సుల పేర్లు తీసేయాలి. మార్కులు, ఇంటి పరిస్థితి, చదవాలన్న పట్టుదల చూడాలి. భాషలు, చరిత్ర చదివే పిల్లలకు ఏటా కనీసం రెండు స్కాలర్‌షిప్పులు ప్రత్యేకంగా ఉంచాలి. ఇఫ్లూకు పోయినా, ఢిల్లీలో జేఎన్‌యూకు పోయినా, ఇక్కడే మన తాలూకా కాలేజీలో కన్నడం, తెలుగు, చరిత్ర చదివినా సరే.

రెండు, మన కాలేజీలు బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. కన్నడంతో పాటు తెలుగు, తమిళం, ఉర్దూల్లో ఒకటి, ఈ ప్రాంతం చరిత్ర, శాసనాలు కలిపి ఒక బీఏ పెట్టమని సంఘం తరఫున అర్జీ ఇవ్వాలి. కన్నడ సంఘాల పెద్దలను కూడా పిలిచి, వాళ్ల సంతకాలు కూడా తీసుకుని ఇవ్వాలి. పిలిస్తే వస్తారు, నాకు నమ్మకం ఉంది.

మూడు, రైస్ దొర కోలారు సంపుటం ఒక ప్రతి సంఘం ఆఫీసులో ఉండాలి. ఏ ఊరి సభ్యుడు ఆ ఊరి రాయిని వెతికి ఫోటో తీసుకురావాలి. ఉందో, పోయిందో రాసుకోవాలి. దీనికి ఖర్చు పెట్రోలు మాత్రమే.

నాలుగు, తాటాకు కట్టలు ఉన్న ఇళ్ల పట్టీ తయారు చేయాలి. తీసుకోవద్దు, ఎవరి సొత్తు వాళ్ల దగ్గరే ఉంటుంది. ఫోటోలు తీయించి ఉంచుకుందాం. చదివే పిల్ల రేపు వస్తుంది.

అందరూ బీఏ చదవాలని నేను అనడం లేదు. నూరుమంది ఇంజనీర్లు కావాలంటే కానివ్వండి. నూటొకటో పిల్లను మాత్రం నవ్వి పంపించవద్దు. ఆ పిల్ల అర్జీ ఇంకా సెక్రటరీగారి ఫైల్లోనే ఉంది. అడ్మిషను ఫీజు గడువు మనకోసం ఆగదు. జనరల్ బాడీని ముందుకు జరపాలని కోరే కాగితం మీద ఇప్పటికి పదకొండు సంతకాలయ్యాయి. మీరూ చేయాలనుకుంటే ఆదివారం పొద్దున కైవారం గుడి దగ్గర ఉంటాను, వచ్చి చేయండి. తిట్టాలనుకునేవాళ్లు కూడా అక్కడికే రండి, ఎదురుగా తిడితే జవాబు చెప్పడం నాకు సులువు.